వైనరీ ప్రయోగశాలలో అంకెలను నమోదు చేయడం, వాటిని చదవడం

నాసిక్, దిండోరి ప్రాంతంలో వైన్ ద్రాక్ష కోత జనవరిలో మొదలై మార్చి దాకా సాగుతుంది. ఆ వారాల్లో ప్రతి ట్యాంకు నుంచి రోజుకు ఒకటి రెండు సార్లు నమూనాలు ప్రయోగశాలకు చేరుతాయి. అక్కడ బల్ల దగ్గర నిలబడేది చాలాచోట్ల రసాయన శాస్త్రంలోనో మైక్రోబయాలజీలోనో డిగ్రీ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన యువతీ యువకులే. టైట్రేషన్ చేయడం వారికి కళాశాలలోనే వచ్చి ఉంటుంది. వచ్చిన అంకె పక్కన ఇంకా ఏమేం రాయాలో, నిన్నటి అంకె పక్కన నేటి అంకెను పెట్టి ఎలా చదవాలో మాత్రం పాఠ్యపుస్తకాలు అంతగా నేర్పవు. ఈ మార్గదర్శిని ఆ రెండు పనుల గురించే. పరీక్షా పద్ధతుల ప్రాథమిక విషయాలు పాఠకులకు తెలుసునన్న నమ్మకంతో, అవసరమైనచోట మాత్రమే వాటిని ప్రస్తావిస్తాను.

మొదటే స్పష్టం చేయవలసిన మాట ఒకటుంది. విడిగా నిలబడిన అంకె వైన్ గురించి దాదాపు ఏమీ చెప్పదు. అది ఏ నమూనాలోంచి, ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఏ పరికరంతో వచ్చిందో తెలిసినప్పుడు, దానికి ముందు వచ్చిన అంకె, దానికి తోడుగా ఉండవలసిన మరో పరీక్ష ఫలితం కళ్లముందు ఉన్నప్పుడు మాత్రమే దాని ఆధారంగా నిర్ణయం తీసుకోవచ్చు.

నమూనా దగ్గరే లెక్క మొదలవుతుంది

ప్రయోగశాలలో ఎంత జాగ్రత్త తీసుకున్నా, తప్పుగా తీసిన నమూనాను సరిచేయలేము. ఎర్ర ద్రాక్ష పులుస్తున్న ట్యాంకులో తొక్కలు పైకి తేలి మందమైన పొరగా ఏర్పడతాయి. ఆ పొర వేడిగా ఉంటుంది, అడుగున ఉన్న రసం చల్లగా ఉంటుంది, చక్కెర కూడా అంతటా ఒకేలా ఉండదు. కాబట్టి రసాన్ని అడుగు నుంచి పైకి పంపు చేసి తొక్కలపై పోయడం పూర్తయిన తర్వాతే నమూనా తీయాలి. వీలుకాక ముందే తీస్తే ఆ సంగతి రిజిస్టరులో రాయాలి. నమూనా కుళాయి తిప్పగానే వచ్చే రసం గొట్టంలో నిలిచి ఉన్నది గనుక దానిని వదిలేసి, ఆ తర్వాత వచ్చినది పట్టాలి. ట్యాంకులో ఆమ్లమో, వైన్ చెడకుండా కాపాడే సల్ఫైటో కలిపి సరిగా తిప్పకుండా తీసిన నమూనా ఇచ్చే ఫలితం నిజం కాదు, అయినా అది చూడటానికి నిజమైన ఫలితంలాగే ఉంటుంది. అందువల్ల దానిని పట్టుకోవడం చాలా కష్టం.

తోటలో కోతకు ముందు గింజలు ఏరేటప్పుడు తియ్యగా, అందంగా కనిపించే గుత్తుల వైపే చేయి పోతుంది. వరుసకు రెండు వైపుల నుంచీ, ఎండ తగిలే గుత్తుల నుంచీ నీడలోని గుత్తుల నుంచీ, గుత్తి పైభాగం నుంచీ కింది భాగం నుంచీ కలిపి కనీసం నూరు గింజలైనా ఏరకపోతే, ప్రయోగశాలలో వచ్చే బ్రిక్స్ (రసంలోని చక్కెర శాతాన్ని చూపే కొలత) తోట సగటు కన్నా ఎక్కువగా కనబడుతుంది, కోత తొందరపడుతుంది.

పులుస్తున్న రసంలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ హైడ్రోమీటర్‌ను పైకి నెడుతుంది, టైట్రేషన్‌లో ఆమ్లంగా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ఈ పరీక్షలకు ముందు నమూనాను బాగా కలిపి గానీ వాక్యూమ్ కింద ఉంచి గానీ గ్యాసు పోగొట్టాలి. సల్ఫర్ డయాక్సైడ్ పరీక్షకు మాత్రం ఇందుకు పూర్తిగా భిన్నంగా, సీసా అంచుదాకా నింపి, మూత బిగించి, వెంటనే కొలవాలి. ఒకే సీసాతో అన్ని పరీక్షలూ చేసే అలవాటు ఉన్నచోట సల్ఫర్ డయాక్సైడ్ మొదట కొలిచి, మిగిలినవి తర్వాత చేయడం సరైన క్రమం.

రిజిస్టరులో ఏం రాయాలి

పుటల సంఖ్య వేసిన, బైండు చేసిన పుస్తకమే అసలు రిజిస్టరుగా ఉండాలి. విడి కాగితాలపై రాసుకుని సాయంత్రం ఎక్కిద్దామనుకున్న అంకెల్లో కొన్ని సాయంత్రానికి మిగలవు. పెన్నుతోనే రాయాలి. తప్పు పడితే కింది అంకె కనిపించేలా ఒకే గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ, పొట్టి సంతకం పెట్టాలి. దిద్దిన అంకె ఎందుకు దిద్దవలసి వచ్చిందో నాలుగు మాటల్లో రాస్తే తర్వాత చదివేవారికి అనుమానం ఉండదు.

ప్రతి నమోదులో తేదీతో పాటు సమయం, ట్యాంకు సంఖ్య, ఆ ట్యాంకులో ఉన్న వైన్ లాట్ సంఖ్య, నమూనా తీసినవారి పేరు, పరీక్ష చేసినవారి పేరు ఉండాలి. ట్యాంకు సంఖ్య, లాట్ సంఖ్య రెండూ ఎందుకంటే, వైన్ ఒక ట్యాంకు నుంచి మరో ట్యాంకుకు మారుతూ ఉంటుంది. ట్యాంకు సంఖ్య మాత్రమే ఉన్న రిజిస్టరులో మార్చి నెల నాటి ఏడో నంబరు ట్యాంకు, జూన్ నాటి ఏడో నంబరు ట్యాంకు ఒకే వైన్ అన్నట్టు కనిపిస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యంగా, లెక్క కట్టిన ఫలితం ఒక్కటే కాకుండా ముడి కొలతలన్నీ రాయాలి. మొత్తం ఆమ్లత పరీక్షను ఉదాహరణగా తీసుకుందాం. 10 మిల్లీలీటర్ల వైన్‌ను 0.1 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌తో పీహెచ్ 8.2 వచ్చేదాకా టైట్రేట్ చేస్తే 8.4 మిల్లీలీటర్లు పట్టిందనుకుందాం. పట్టిన పరిమాణాన్ని నార్మాలిటీతో, ఆపైన 75తో గుణించి, నమూనా పరిమాణంతో భాగిస్తే 8.4 × 0.1 × 75 ÷ 10 = 6.3, అంటే టార్టారిక్ ఆమ్లంగా లీటరుకు 6.3 గ్రాములు. సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని క్రమంగా బలహీనపడుతుంది. పది రోజుల తర్వాత ఎవరో దాన్ని ప్రామాణీకరించి, అసలు బలం 0.095 నార్మల్ అని కనుగొంటారు. రిజిస్టరులో బ్యూరెట్ మొదటి కొలత, చివరి కొలత, నమూనా పరిమాణం, వాడిన ద్రావణం సీసా సంఖ్య ఉంటే, ఆ సీసాతో చేసిన ఫలితాలన్నిటినీ కూర్చున్నచోటే తిరిగి లెక్కించవచ్చు. 6.3 కాస్తా దాదాపు 6.0 అవుతుంది. ముడి కొలతలు లేకుండా 6.3 అని మాత్రమే రాసి ఉంటే, ఏ ఫలితం ఏ సీసాతో వచ్చిందో తెలియదు, ఆ పది రోజుల ఆమ్లత వివరాలన్నీ నమ్మలేనివిగా మిగిలిపోతాయి. పులిసిపోయిన రసాన్ని మళ్లీ పరీక్షించే అవకాశం ఉండదు కదా.

అంకె పక్కన ప్రమాణం రాయకపోవడం చిన్న లోపంగా కనిపిస్తుంది గానీ నష్టం పెద్దది. ఫ్రాన్స్‌లో ఆమ్లతను సల్ఫ్యూరిక్ ఆమ్లంగా చెప్పే ఆచారం ఉంది. మనం టార్టారిక్‌గా 6.3 అనేదే అక్కడ సుమారు 4.1 అవుతుంది. ఐరోపా పద్ధతిలో టైట్రేషన్‌ను పీహెచ్ 7 దగ్గరే ఆపుతారు కాబట్టి ఆ కారణంగానూ అంకె కొంత తగ్గుతుంది. నాసిక్ వైనరీలకు విదేశీ సలహాదారులు రావడం మామూలే గనుక, ఏ ఆమ్లంగా, ఏ పీహెచ్ దాకా అన్నది ప్రతి పుట పైభాగంలో ఉండటం మేలు.

దశాంశ స్థానాల విషయంలో నిజాయితీ అవసరం. పీహెచ్‌ను రెండు దశాంశాల దాకా, మొత్తం ఆమ్లతను ఒక దశాంశం దాకా, సల్ఫర్ డయాక్సైడ్‌ను పూర్ణాంకంగా రాస్తే చాలు. కంప్యూటరు 31.47 అని చూపించినంత మాత్రాన మన పరికరం అంత సూక్ష్మంగా కొలిచినట్టు కాదు. అలాగే పరీక్ష పట్టుకోగల కనీస స్థాయి కన్నా తక్కువ వచ్చిన ఫలితాన్ని సున్నా అని రాయకూడదు. మ్యాలిక్ ఆమ్లం పరీక్షకు ఆ స్థాయి 0.1 అయితే ‘0.1 కన్నా తక్కువ’ అనే రాయాలి. ఖాళీ గడి అంటే పరీక్ష చేయలేదని అర్థం. సున్నాకూ ఖాళీకీ తేడా చెరిగిపోయిన పట్టికను ఎవరూ సరిగా చదవలేరు.

ట్యాంకులో జరిగిన పనులను పరీక్షల మధ్యలోనే, అదే వరుసలో రాయాలి. ఏ పదార్థం, ఎంత, ఏ బ్యాచ్ ప్యాకెట్టు నుంచి, ఎన్ని లీటర్లలో, ఏ సమయానికి కలిపారు, తర్వాత ఎంతసేపు తిప్పారు అన్నవి ప్రయోగశాల పుస్తకంలో లేకుండా సెల్లార్ పుస్తకంలో మాత్రమే ఉంటే, ఫలితం ఎందుకు మారిందో వెతకడానికి రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టుకోవాలి. కోత కాలంలో ఆ తీరిక ఎవరికీ ఉండదు.

స్ప్రెడ్‌షీట్ వాడవచ్చు, వాడాలి కూడా, ఎందుకంటే గ్రాఫులు అక్కడే వస్తాయి. ఒక నమూనాపై చేసిన ఒక పరీక్షకు ఒక వరుస అన్న నియమం పెట్టుకుని, గడులను కలిపేయకుండా, సూత్రాలున్న గడులకు తాళం వేసి, రోజూ మరోచోట ప్రతిని భద్రపరిస్తే సరిపోతుంది. పుస్తకంలోని అంకెకూ కంప్యూటరులోని అంకెకూ తేడా వస్తే పుస్తకాన్నే ప్రమాణంగా తీసుకోవాలి.

పరికరాన్ని నమ్మే ముందు

పీహెచ్ మీటరును రోజూ 7.00, 4.00 బఫర్లతో సరిచూసి, వచ్చిన స్లోప్ శాతాన్ని రాయాలి. 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్ యూనిట్‌కు 59.16 మిల్లీవోల్టులు రావడం సిద్ధాంతపరంగా నూరు శాతం. అది 95 కన్నా దిగువకు జారుతుంటే ఎలక్ట్రోడ్‌ను శుభ్రం చేయాలి, అప్పటికీ మారకపోతే కొత్తది పెట్టాలి. వైన్ పీహెచ్ సాధారణంగా 3కూ 4కూ మధ్య ఉంటుంది కాబట్టి, ఆ మధ్యలో పడే పరీక్ష ద్రావణం కూడా ఒకటి ఉండాలి. పొటాషియం బైటార్టరేట్ సంతృప్త ద్రావణం అందుకు చవకైన, నమ్మదగిన సాధనం. 25 డిగ్రీల దగ్గర దాని పీహెచ్ 3.56. ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో నిల్వ ఉంచకూడదు, పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ఉంచాలి.

సోడియం హైడ్రాక్సైడ్‌ను కనీసం వారానికోసారి పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో ప్రామాణీకరించాలి. ఆ లవణం 0.4084 గ్రాములకు సరిగ్గా 0.1 నార్మల్ ద్రావణం 20 మిల్లీలీటర్లు పడుతుంది. హైడ్రోమీటర్లను 20 డిగ్రీలకు తయారుచేస్తారు. 30 డిగ్రీల రసంలో అది అసలు కన్నా అర బ్రిక్స్‌కు పైగా తక్కువ చూపుతుంది. కనుక చూసిన అంకె, ఉష్ణోగ్రత, సవరించిన అంకె మూడూ రాయాలి. ఆల్కహాల్‌ను మరుగు ఉష్ణోగ్రతను బట్టి కొలిచే ఎబులియోమీటరు వాడేవారు ప్రతిరోజూ ముందుగా నీటి మరుగు ఉష్ణోగ్రతను చూసుకోవాలి. నాసిక్ సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి అక్కడ నీరు 98 డిగ్రీల దరిదాపుల్లోనే మరుగుతుంది. వాతావరణ పీడనాన్ని బట్టి అది రోజురోజుకూ కొద్దిగా మారుతుంది కూడా.

ఇవన్నీ సరిగా ఉన్నాయో లేదో చెప్పే మంచి సాక్షి నియంత్రణ వైన్. గాలి చొరబడని సంచిలో నింపిన మామూలు వైన్ ఒకదాన్ని పక్కన పెట్టుకుని, రోజూ అసలు నమూనాల కన్నా ముందు దాన్ని పరీక్షించాలి. ఇరవై ఫలితాలు పోగయ్యాక వాటి సగటు, ప్రామాణిక విచలనం లెక్కగట్టి గ్రాఫు గీయాలి. సగటుకు రెండు ప్రామాణిక విచలనాల అవతల పడితే హెచ్చరికగా తీసుకోవాలి, మూడింటి అవతల పడితే ఆ రోజు ఫలితాలేవీ బయటికి పంపకుండా కారణం వెతకాలి. వరుసగా ఏడు ఫలితాలు సగటుకు ఒకేవైపు పడుతుంటే, ఒక్కటీ హద్దు దాటకపోయినా, ఏదో క్రమంగా జరుగుతోందని అర్థం. పైన చెప్పిన బలహీనపడే సోడియం హైడ్రాక్సైడ్ సరిగ్గా ఇలాగే బయటపడుతుంది. పీహెచ్ అనే కొలతను 1909లో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టింది కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు సంస్థ ప్రయోగశాలలో. కొద్దిపాటి నమూనాల నుంచి ఎంత నమ్మకంగా మాట్లాడవచ్చో చెప్పే టీ పరీక్షను 1908లో ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించిన గోసెట్ డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు సంస్థ ఉద్యోగి. పానీయాల తయారీలోని రోజువారీ అవసరమే ఇలాంటి ఆలోచనలకు పుట్టిల్లయిందన్నది ఈ వృత్తిలో ఉన్నవారు గర్వంగా గుర్తుంచుకోదగిన సంగతి.

రెండుసార్లు చేసిన పరీక్షల ఫలితాలు కలవకపోతే సగటు తీసి ఊరుకోకూడదు. ఆమ్లతలో తేడా 0.1 దాటితే మూడోసారి చేసి, మూడు ఫలితాలనూ రాయాలి.

పులియడాన్ని బ్రిక్స్ వంపులో చదవడం

కిణ్వనం మొదలయ్యాక రిఫ్రాక్టోమీటరు నేరుగా చూపే అంకె పనికిరాదు. ఆల్కహాల్ కాంతిని చక్కెర నీటికన్నా భిన్నంగా వంచుతుంది గనుక అది చక్కెరను ఉన్నదానికన్నా ఎక్కువగా చూపుతుంది. అక్కడి నుంచి హైడ్రోమీటరు గానీ సాంద్రతా మీటరు గానీ వాడాలి. వాటిలోనూ సున్నా బ్రిక్స్ అంటే చక్కెర అయిపోయిందని కాదు. ఆల్కహాల్ నీటికన్నా తేలిక కాబట్టి, సున్నా దగ్గర కూడా లీటరుకు పది ఇరవై గ్రాముల చక్కెర మిగిలి ఉండవచ్చు. మైనస్ ఒకటిన్నర దరిదాపులకు వచ్చి అక్కడ నిలిచాక, ఎంజైమ్ పద్ధతిలోనో రెబెలీన్ అనే టైట్రేషన్ పద్ధతిలోనో మిగిలిన చక్కెరను కొలిచి, లీటరుకు 2 గ్రాముల కన్నా తక్కువ ఉంటేనే పూర్తయిందని రాయాలి.

వంపును చదివేటప్పుడు ఆ రోజు బ్రిక్స్ ఎంత అన్నదానికన్నా నిన్నటికీ నేటికీ తగ్గుదల ఎంత అన్నది ముఖ్యం. వివరణ కోసం ఒక ఎర్ర వైన్ ట్యాంకును ఊహించుకుందాం. 24.0తో మొదలై, ఈస్టు నిలదొక్కుకున్నాక రోజుకు 3.9, 4.2, 3.6, 2.6 చొప్పున తగ్గి 9.7కు చేరింది. తర్వాతి మూడు రోజుల్లో తగ్గుదల 1.4, 0.8, 0.5 మాత్రమే. బ్రిక్స్ ఇప్పుడు 7.0. అంకె రోజూ తగ్గుతూనే ఉంది కాబట్టి పైపైన చూసేవారికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. తగ్గుదలల వరుసను చూసేవారికి మాత్రం ఈ ట్యాంకు ఆగిపోబోతోందని రెండు రోజుల ముందే తెలుస్తుంది. ఆల్కహాల్ పెరిగే కొద్దీ చివరలో వేగం తగ్గడం సహజమే గానీ, 7 బ్రిక్స్ దగ్గర రోజుకు అర బ్రిక్స్ అన్నది సహజం కాదు.

అప్పుడు కారణం కోసం పక్క గడులు చూడాలి. ట్యాంకు ఉష్ణోగ్రత 28 నుంచి ఒక్క రాత్రిలో 20కి పడిపోయి ఉంటే, చలికి ఈస్టు మందగించిందని మొదట అనుమానించాలి. నాసిక్‌లో జనవరి రాత్రుల చలి, శీతలీకరణ వాల్వు తెరిచి మరిచిపోవడం రెండూ కలిస్తే ఇది సులువుగా జరుగుతుంది. ఉష్ణోగ్రత నిలకడగా ఉంటే, ఆరంభంలో కొలిచిన ఈస్టు వాడుకోగల నైట్రజన్ విలువను చూడాలి. అది లీటరుకు 110 మిల్లీగ్రాములై, ఏమీ కలపకుండా వదిలేసి ఉంటే కారణం అక్కడే ఉండవచ్చు. కుళ్లిన గుడ్ల వాసన వచ్చినట్టు ఎవరైనా రాసి ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. మిథిలీన్ బ్లూ వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే చనిపోయిన ఈస్టు కణాలు నీలంగా కనబడతాయి. సగానికి పైగా నీలంగా ఉంటే వేడిచేసినా ఆహారం వేసినా ఫలితం తక్కువే, కొత్త ఈస్టును అలవాటు చేసి ఎక్కించడం గురించి ఆలోచించాలి.

నైట్రజన్ లెక్క రసం దశలోనే వేసుకోవడం మేలు. డై అమ్మోనియం ఫాస్ఫేట్ లీటరుకు 100 మిల్లీగ్రాములు కలిపితే సుమారు 21 మిల్లీగ్రాముల నైట్రజన్ అందుతుంది. 110ని 200కు తేవాలంటే లోటు 90, అంటే లీటరుకు దాదాపు 430 మిల్లీగ్రాములు, 5,000 లీటర్లకు 2.15 కిలోలు. దీనిని ఒకేసారి కాకుండా, కొంత ఆరంభంలోనూ కొంత మూడో వంతు చక్కెర కరిగాకా వేస్తారు. ఆహార శ్రేణి పదార్థమే వాడాలి, ఎరువుల దుకాణంలో దొరికే డీఏపీ ఎట్టి పరిస్థితిలోనూ పనికిరాదు. ఆలస్యంగా, ఆల్కహాల్ బాగా పెరిగాక వేసిన డీఏపీని ఈస్టు అంతగా గ్రహించలేదు. మిగిలిపోయింది వైన్‌ను చెడగొట్టే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది.

పీహెచ్‌నూ ఆమ్లతనూ కలిపి చూడటం

పీహెచ్ 3.9 ఉండి, మొత్తం ఆమ్లత కూడా లీటరుకు 7 గ్రాములు వచ్చినప్పుడు, రెండింటిలో ఒకటి తప్పని కొత్తవారు అనుకుంటారు. తప్పు కానవసరం లేదు. ఆమ్లత ఎక్కువగా ఉన్నా పొటాషియం కూడా ఎక్కువగా ఉన్న రసంలో పీహెచ్ ఎక్కువగానే ఉంటుంది. వేడి ప్రాంతాల ద్రాక్షలో ఇది తరచుగా కనిపిస్తుంది. లీటరుకు ఒక గ్రాము టార్టారిక్ ఆమ్లం కలిపితే పీహెచ్ సుమారు 0.1 తగ్గుతుందన్న అంచనా చెలామణిలో ఉంది గానీ, ఇలాంటి రసాల్లో దానిని నమ్మకూడదు. 100 మిల్లీలీటర్ల చొప్పున నాలుగు పాత్రల్లో రసం తీసుకుని, లీటరుకు 0, 0.5, 1.0, 1.5 గ్రాముల చొప్పున ఆమ్లం కలిపి, పీహెచ్, ఆమ్లత రెండూ కొలిచి, ఆ ఫలితాలను కూడా రిజిస్టరులో ఎక్కించాకే ట్యాంకులో కలపాలి.

మ్యాలిక్ ఆమ్లం లాక్టిక్ ఆమ్లంగా మారే దశలో ఈ రెండు అంకెలు పరస్పరం సాక్ష్యం చెబుతాయి. లీటరుకు 2.0 గ్రాముల మ్యాలిక్ ఆమ్లం పూర్తిగా మారితే, రసాయన లెక్క ప్రకారం మొత్తం ఆమ్లత టార్టారిక్‌గా సుమారు 1.1 గ్రాములు తగ్గాలి, పీహెచ్ కొంత పెరగాలి. ఆమ్లత 2 గ్రాములు తగ్గిందంటే మిగతా తగ్గుదలకు పొటాషియం బైటార్టరేట్ స్ఫటికాలుగా దిగిపోవడం కారణం కావచ్చు, లేదా ఒక కొలత తప్పు కావచ్చు. ట్యాంకు గోడలపై స్ఫటికాలు ఉన్నాయో లేదో చూస్తే తేలిపోతుంది. కాగితం క్రొమటోగ్రఫీలో మ్యాలిక్ మచ్చ కనిపించనంత మాత్రాన ఆ దశ పూర్తయిందని నిర్ధారించకూడదు, ఎంజైమ్ పరీక్షతో రూఢి చేసుకోవాలి.

స్ఫటికాలు దిగినప్పుడు ఆమ్లత ఎప్పుడూ తగ్గుతుంది గానీ పీహెచ్ ఎటు కదులుతుందన్నది మొదటి పీహెచ్‌ను బట్టి ఉంటుంది. సుమారు 3.65 కన్నా తక్కువ ఉన్న వైన్‌లో పీహెచ్ ఇంకా తగ్గుతుంది, ఎక్కువ ఉన్నదానిలో పెరుగుతుంది. ఈ విషయం తెలియకపోతే సరైన ఫలితాన్ని తప్పనుకుని కొట్టేసే ప్రమాదం ఉంది.

సల్ఫర్ డయాక్సైడ్

గాలి పంపి ఆక్సీకరించే పద్ధతిలో 20 మిల్లీలీటర్ల వైన్‌కు 0.01 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ వాడితే, పట్టిన మిల్లీలీటర్లను 16తో గుణిస్తే లీటరుకు మిల్లీగ్రాములు వస్తాయి. 1.5 మిల్లీలీటర్లు పడితే 24. అయోడిన్‌తో చేసే రిప్పర్ పద్ధతి త్వరగా అవుతుంది గానీ, ఎర్ర వైన్‌లోని రంగు పదార్థాలు, ఫినాలిక్ పదార్థాలు కూడా అయోడిన్‌ను వాడుకుంటాయి కాబట్టి అంకె ఎక్కువ వస్తుంది. రిజిస్టరులో పద్ధతి పేరు లేకపోతే రెండు పద్ధతుల ఫలితాలు ఒకే గ్రాఫులో కలిసిపోయి, లేని ఒడిదుడుకులు ఉన్నట్టు చూపుతాయి.

ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్, అంటే వైన్‌లో దేనితోనూ బంధం కాకుండా ఉన్న భాగం, అంకెను పీహెచ్ లేకుండా చదవకూడదు. సూక్ష్మజీవులను అదుపుచేసేది అందులోని అణురూప భాగం. ఫ్రీ విలువను, 10కి పీహెచ్ నుంచి 1.81 తీసివేసిన ఘాతం వేసి దానికి ఒకటి కలిపిన సంఖ్యతో భాగిస్తే ఆ భాగం వస్తుంది. అణురూపంలో 0.5 మిల్లీగ్రాములు ఉండాలంటే పీహెచ్ 3.2 దగ్గర ఫ్రీ 13 చాలు, 3.5 దగ్గర 25 కావాలి, 3.7 దగ్గర 39 కావాలి. తెల్ల వైన్లకు తరచుగా లక్ష్యంగా పెట్టుకునే 0.8 కావాలంటే 3.2 దగ్గర 20, 3.5 దగ్గర 40. పీహెచ్ మీటరు 0.1 తక్కువ చూపితే, తగినంత రక్షణ ఉందనుకున్న వైన్‌కు అసలు రక్షణ ఐదో వంతు తగ్గి ఉంటుంది. పీహెచ్ మీటరు గురించి పైన అంతగా చెప్పింది ఇందుకే.

కలిపిన తర్వాత చేసే పరీక్షలో ఒక సొగసైన సరిచూపు దాగి ఉంది. సెల్లార్‌లో కేఎంఎస్ అని పిలిచే పొటాషియం మెటాబైసల్ఫైట్‌లో 57.6 శాతం సల్ఫర్ డయాక్సైడ్ ఉంటుంది. 5,000 లీటర్లకు లీటరుకు 20 మిల్లీగ్రాముల చొప్పున కావాలంటే 100 గ్రాముల సల్ఫర్ డయాక్సైడ్, అంటే సుమారు 174 గ్రాముల కేఎంఎస్. కలిపిన కొంత భాగం వైన్‌లోని ఆల్డిహైడ్ల వంటివాటితో బంధమవుతుంది కాబట్టి ఫ్రీ 20 పెరగదు. బంధమైనదీ కానిదీ కలిసిన టోటల్ మాత్రం కలిపిన వెంటనే కొలిస్తే 20 పెరిగి తీరాలి. పెరగలేదంటే వైన్ సరిగా కలవలేదు, లేదా తెరిచి ఉంచిన ప్యాకెట్టులోని కేఎంఎస్ బలం పోయింది, లేదా ట్యాంకులో ఉన్న లీటర్ల అంచనా తప్పు. టోటల్ సరిగానే పెరిగి ఫ్రీ ఏమాత్రం పెరగకపోతే, వైన్‌లో బంధించే పదార్థాలు ఎక్కువగా ఉన్నాయని తెలుస్తుంది. ఆ స్థితికి ఆక్సీకరణ గానీ కుళ్లిన ద్రాక్ష గానీ కారణమయ్యే అవకాశం ఉంది. ఫ్రీ ఒక్కటే కొలిచి ఊరుకునే ప్రయోగశాలలకు ఈ సమాచారమంతా అందకుండా పోతుంది.

టోటల్ విలువకు చట్టపరమైన హద్దులుంటాయి. ఐరోపా సమాఖ్యలో తీపి లేని ఎర్ర వైన్‌కు లీటరుకు 150, తెల్ల వైన్‌కు 200 మిల్లీగ్రాములు, అమెరికాలో 350. మన దేశంలో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మద్యపానీయాల ప్రమాణాలు 2018లో వెలువడి 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. సవరణలతో సహా వాటి తాజా ప్రతిలోని హద్దులను రిజిస్టరు మొదటి పుటలో అతికించుకోవాలి.

వోలటైల్ ఆసిడిటీ

వైన్‌లో ఆవిరయ్యే ఆమ్లాలను, ముఖ్యంగా వినిగర్‌లో ఉండే అసిటిక్ ఆమ్లాన్ని, కొలిచే ఈ పరీక్షలో హద్దు కన్నా దిశ ముఖ్యం. ఐరోపాలో ఎర్ర వైన్‌కు అసిటిక్ ఆమ్లంగా లీటరుకు 1.20 గ్రాములు, అమెరికాలో 1.4 గ్రాములు అనుమతి ఉంది కాబట్టి 0.52 వచ్చినప్పుడు చింత అక్కరలేదనిపిస్తుంది. కానీ అదే బ్యారెళ్లలో అంతకుముందు నెలల్లో 0.35, 0.38 వచ్చి ఉంటే, ఈ 0.52ను అప్పుడే పట్టించుకోవాలి. ఆ నెలలో ఫ్రీ సల్ఫర్ డయాక్సైడ్ కూడా పడిపోయి, బ్యారెల్ నింపిన తేదీ పాతదై ఉంటే, ఖాళీ జాగాలోని గాలితో అసిటిక్ బ్యాక్టీరియా పెరుగుతోందని బలంగా అనుమానించవచ్చు. కిణ్వనం ఆగిపోయి చక్కెర మిగిలిన ట్యాంకులో పెరిగితే లాక్టిక్ బ్యాక్టీరియాను అనుమానించాలి. మ్యాలిక్ మార్పిడి జరిగిన నెలలోనైతే కొద్దిపాటి పెరుగుదల మామూలే. ఆవిరి స్వేదనంలో సల్ఫర్ డయాక్సైడ్ కూడా దాటి వచ్చి అంకెను పెంచుతుంది గనుక, సవరణ చేశారో లేదో ఫలితం పక్కన తప్పక రాయాలి.

ఫలితాన్ని అందించడం, భద్రపరచడం

వైన్ తయారీదారుకు ఫోనులో ‘ఏడో ట్యాంకు 28’ అని సందేశం పంపకూడదు. ట్యాంకు, లాట్, పరీక్ష, ప్రమాణం, నమూనా సమయం, గతసారి విలువ అన్నీ ఒకే వాక్యంలో ఉండాలి. వైన్ రుచి చూసినవారి అభిప్రాయం అంకెతో కలవకపోతే, ఇద్దరిలో ఎవరిది సరైనదని వాదించకుండా కొత్త నమూనా తీసి మళ్లీ కొలవాలి. రెండో ఫలితం మొదటిదానిని బలపరచినా, కాదన్నా రెండూ రిజిస్టరులో ఉండాలి. ఆశించిన అంకె వచ్చినప్పుడు ఆగిపోయి, రానప్పుడు మాత్రమే మళ్లీ పరీక్షించే అలవాటు ఉన్నచోట, రిజిస్టరు మెల్లగా తయారీదారు కోరికల పట్టికగా మారుతుంది.

సీసాల్లో నింపే రోజున ఆల్కహాల్, మిగిలిన చక్కెర, పీహెచ్, మొత్తం ఆమ్లత, వోలటైల్ ఆసిడిటీ, ఫ్రీ, టోటల్ సల్ఫర్ డయాక్సైడ్, మసకదనం (టర్బిడిటీ), కరిగిన ఆక్సిజన్ విలువలను ఒకే పుటలో రాసి, వరుస మొదటిలోనూ మధ్యలోనూ చివరలోనూ తీసిన సీసాలను ఆ పుట సంఖ్యతో చీటీ అంటించి చల్లని చీకటి గదిలో దాచాలి. ఫిర్యాదు వచ్చినప్పుడు దుకాణం నుంచి తిరిగి వచ్చిన సీసానూ దాచిన సీసానూ ఒకే రోజు, ఒకే ద్రావణాలతో, నియంత్రణ వైన్ తర్వాత వరుసగా పరీక్షించి, ఆ ఫలితాలను అదే పుటలో రాయాలి. అందుకోసం ఆ పుటలో సగం ముందుగానే ఖాళీగా వదలాలి.